చిన్న నగరంలో ఇల్లు: వాహనం నడపని మనిషి వైపు నుంచి

పెద్ద నగరం విడిచి చిన్న నగరానికి మారే కుటుంబం రెండు విషయాలు తేల్చుకోవాలి. ఏ ఊరికి వెళ్లాలన్నది మొదటిది, ఆ ఊళ్లో ఏ పేటలో ఉండాలన్నది రెండోది. మొదటిది చాలాసార్లు ఆ కుటుంబం చేతిలో ఉండదు. ఉద్యోగం, బదిలీ, పెద్దవాళ్ల ఆరోగ్యం, అద్దెల భారం దాన్ని ముందే తేల్చేస్తాయి. పూర్తిగా తమ చేతిలో ఉన్నది రెండోదే. అయినా దానికి కేటాయించే సమయం మాత్రం ఒక్క వారాంతం. శనివారం నాలుగిళ్లు చూసి, ఆదివారం వాటిలో గాలీ వెలుతురూ బాగున్నదానికి అడ్వాన్సు ఇచ్చి తిరుగు ప్రయాణం కట్టడం మామూలుగా జరిగే పని.

ఈ తొందర వెనక ఒక నమ్మకం ఉంది. ఊరు చిన్నది కాబట్టి ఎక్కడున్నా పదిహేను నిమిషాలకు మించి దూరం ఉండదని, అందువల్ల పేట ఏదైనా పెద్ద తేడా రాదని అందరూ అనుకుంటారు. బండి తాళం జేబులో ఉన్న మనిషికి ఆ మాట నిజమే. అదే ఇంట్లో ఉంటూ బండి నడపని వాళ్లకు, అంటే పిల్లలకు, వృద్ధులకు, చూపు తగ్గినవాళ్లకు, ఉన్న ఒక్క వాహనం పొద్దున్నే వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిపోయే వాళ్లకు ఆ మాట వర్తించదు. వాళ్ల నగరం కాలినడకన పది నిమిషాల్లో ముగిసిపోతుంది. చిన్న నగరంలో పేటను ఎంచుకోవడమంటే నిజానికి ఆ పది నిమిషాల నగరాన్ని ఎంచుకోవడమే. ఇల్లు చూడటానికి వచ్చేది మాత్రం దాదాపు ఎప్పుడూ వాహనం నడిపే మనిషే. ఈ వ్యవహారంలోని అసలు లోపం అక్కడే ఉంది.

పెద్ద నగరంలో ఇంత అయోమయం ఉండదు. అక్కడ కొలబద్ద ఒక్కటే, ఆఫీసుకు ఎంతసేపు పడుతుందన్నది. మనుషులు రోజుకు సగటున గంటసేపు ప్రయాణానికి వెచ్చిస్తారని, రవాణా వేగం పెరిగితే ఆ గంటను తగ్గించుకోకుండా ఇంకా దూరంగా కాపురం పెడతారని రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావీ చేసిన పరిశీలనను ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆ గంట మనిషిని ఎంత నలుపుతుందో ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ సర్వే వివరాలతో లెక్కగట్టి చూశారు. దూరాభారానికి ప్రతిఫలంగా మెరుగైన జీతమో చౌక అద్దెయో దక్కుతున్నా, ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లు తమ జీవితం పట్ల తక్కువ తృప్తితో ఉన్నారని వాళ్లు గమనించారు. పెద్ద ఇల్లు ఇచ్చే సంతోషం కొన్నాళ్లకు అలవాటైపోతుంది. రోజూ రోడ్డు మీద పడే విసుగు మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాదు.

చిన్న నగరానికి వచ్చేసరికి ఆ ఒక్క పెద్ద ప్రయాణం తప్పిపోతుంది. ఆదా అయిన గంట చేతికి వచ్చిందని కుటుంబం సంబరపడుతుంది. ఆర్నెల్లు గడిచాక లెక్క చూసుకుంటే ఆ గంట ఇంట్లో కనిపించదు. పిల్లను బడి దగ్గర దింపడం, మళ్లీ తీసుకురావడం, సాయంత్రం సంగీతం క్లాసు, మందుల కోసం ఒకసారి, మరచిపోయిన పాల కోసం ఇంకోసారి, పెద్దాయనను దంతవైద్యుడి దగ్గరికి మరోసారి. ఒక్కొక్కటి పది నిమిషాలే. రోజుకు అలాంటివి ఏడెనిమిది అవుతాయి, అన్నీ ఒకరిద్దరి మీదే పడతాయి. ఊరు చిన్నదే అయినా ఇల్లు నడవలేని చోట ఉంటే, పెద్ద నగరంలో ఒక్క ముక్కగా పోయిన గంట ఇక్కడ తునకలు తునకలుగా పోతుంది. తునకలుగా పోతున్నందువల్ల అది పోతున్నట్టు కూడా తెలియదు.

పిల్లల సంగతి ఇంకా తీవ్రమైనది. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన అధ్యయనం ప్రకారం, ఏడెనిమిదేళ్ల పిల్లల్లో పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు 1971లో 80 శాతం ఉంటే, 1990 నాటికి 9 శాతానికి పడిపోయారు. పందొమ్మిదేళ్లలో పిల్లలు పిరికివాళ్లైపోలేదు. రోడ్ల మీద వాహనాలు పెరిగాయి, వాటికి భయపడి పెద్దలు పిల్లల చేయి వదలలేకపోయారు. చిన్న నగరానికి మారేవాళ్లు చెప్పే కారణాల్లో పిల్లలకు కాస్త స్వేచ్ఛ దొరుకుతుందన్నది తరచుగా వినిపిస్తుంది. ఆ స్వేచ్ఛ ఊరి పరిమాణంలో ఉండదు. ఇంటి గుమ్మం నుంచి మైదానం దాకా మధ్యలో ఏ రోడ్డు అడ్డం వస్తుందన్న దాంట్లో ఉంటుంది.

గుమ్మం నుంచి మందుల దుకాణం దాకా

ఇల్లు నచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని లోపలి గదులు మళ్లీ చూడటం కాదు, బయటికి వచ్చి నడవడం. డెబ్బై అయిదేళ్ల మనిషి మోకాలి నొప్పితో, ఒక చేతిలో సంచితో, దగ్గర్లోని మందుల దుకాణం దాకా వెళ్లి రావాలనుకుందాం. దూరం 350 మీటర్లు. మ్యాపులో అది నాలుగైదు నిమిషాల నడక. గేటు దాటగానే ఇంటి ముందు ర్యాంపు వాలుగా రోడ్డులోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, దాని చుట్టూ తిరగాలంటే రోడ్డు మీదికి దిగాలి. నాలుగిళ్లు దాటాక మురుగుకాలువ మీది పలక ఒకటి విరిగి ఉంటుంది. ఆ తర్వాత ఫుట్‌పాత్ మొదలవుతుంది గాని జానెడు కన్నా ఎత్తు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎలాగో ఎక్కితే ఇరవై అడుగుల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ దారి మూసేస్తుంది, మళ్లీ దిగాలి. చివరికి పెద్ద రోడ్డు. దుకాణం అవతలి పక్కన కళ్లెదుటే కనిపిస్తుంది. వాహనాలు ఆగే సిగ్నల్ ఎక్కడో దూరాన ఉంటుంది. ఆ మనిషి అక్కడ రెండు నిమిషాలు నిలబడి, ఒక అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసి, ఇంటికి తిరిగి వస్తాడు. సాయంత్రం కొడుకు వచ్చాక తెమ్మంటాడు.

ఇది మ్యాపులో కనిపించదు, అద్దె ప్రకటనలో ఉండదు. కాని ఆ ఇంట్లో రాబోయే పదేళ్లు ఎలా ఉంటాయో చెప్పేది ఆ 350 మీటర్లే.

1929లో అమెరికా ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ ఒక మంచి పేట ఎలా ఉండాలో ఒక నమూనా గీశాడు. నడుమ బడి, దానికి చుట్టూ దాదాపు 400 మీటర్ల వ్యాసార్ధంలో ఇళ్లు, పెద్ద రోడ్లు అంచుల వెంట మాత్రమే, దుకాణాలు ఆ రోడ్లు కలిసే మూలల్లో, మొత్తం నేలలో పదో వంతు తోటలకూ మైదానాలకూ. బడికి వెళ్లే పిల్ల ప్రమాదకరమైన రోడ్డును దాటకూడదన్నది ఆ నమూనాకు ఆయువుపట్టు. దాని మీద తరువాతి కాలంలో విమర్శలు వచ్చాయి. అది మనుషులను తమలాంటి వాళ్ల మధ్యే మూసేస్తుందన్న విమర్శలో నిజముంది. అయినా ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఆ బొమ్మ ఇప్పటికీ పనికొస్తుంది. చూసిన ఇంటిని నడుమ పెట్టి 400 మీటర్ల వలయం గీసి, అందులో ఏమున్నాయో, ఆ వలయాన్ని ఏ పెద్ద రోడ్డైనా కోస్తోందో చూస్తే, ఆ పేట గురించి బ్రోకరు అరగంటలో చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

శివార్లలో కొత్తగా వేసిన విశాలమైన, తిన్నటి రోడ్లు చూడముచ్చటగా ఉంటాయి. వాటి మీద బండ్లు వేగంగా పోతాయన్నది చూడటానికి వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం తట్టదు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక వాహనం ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలిన కారు కన్నా 65 కిలోమీటర్ల వేగంతో తగిలిన కారు వల్ల పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మలుపులతో, రెండు పక్కలా చెట్లతో, ఆగి ఉన్న బండ్లతో ఇరుకుగా కనిపించే పాత వీధిలో ఏ డ్రైవరూ అంత వేగం పోలేడు. ఇరుకుదనాన్ని లోపంగా మాత్రమే చూసేవాళ్లు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

పేట కాదు, వీధి

ఊళ్లో మంచి పేట ఏదని అడిగితే ఎవరైనా మూడు పేర్లు చెబుతారు. ఆ పేర్లకు కొంత విలువ ఉన్నా, అవి చాలామటుకు ఇరవై ఏళ్ల నాటి జ్ఞాపకాలు. ఒకప్పుడు పెద్ద ఉద్యోగులు కాపురమున్న కాలనీలో ఇప్పుడు వాళ్ల పిల్లలెవరూ లేకపోవచ్చు, సగం ఇళ్లకు తాళాలుండవచ్చు. ఒకప్పుడు ఎవరూ వెళ్లకూడదనుకున్న చోట ఇప్పుడు మంచి బడి, కొత్త నీటి గొట్టాలు వచ్చి ఉండవచ్చు. పైగా చిన్న నగరంలో ఒకే పేటలో రెండు వీధుల మధ్య తేడా, పెద్ద నగరంలో రెండు పేటల మధ్య తేడా అంత ఉంటుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నగర రూపకల్పన నిపుణుడు డోనల్డ్ ఆపిల్‌యార్డ్ చేసిన అధ్యయనం ఈ సంగతిని తిరుగులేకుండా చూపించింది. 1972లో వెలువడిన ఆ పరిశీలనలో ఆయన ఒకే రకం ఇళ్లున్న, పక్కపక్కనే ఉన్న మూడు వీధులను తీసుకున్నాడు. ఒకదానిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరుగుతాయి, రెండోదానిలో 8,000, మూడోదానిలో 16,000. వాహనాలు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులున్నారు. రద్దీ వీధిలో సగటున ఒక్కరైనా లేరు, 0.9 మాత్రమే. ముఖపరిచయాల లెక్కా అంతే, ఒకచోట 6.3 అయితే మరోచోట 3.1. రద్దీ వీధిలో వాళ్లు ముందు గదులను వదిలి వెనక గదుల్లోకి జరిగిపోయారు. ప్రశాంతమైన వీధిలో వాళ్లు తమ ఇల్లు ఎక్కడిదాకా అని అడిగితే వీధినంతా కలుపుకొని గీత గీశారు.

శబ్దాన్నీ వీధిని బట్టే చూసుకోవాలి. రోడ్డు మీది వాహనాల శబ్దం పగలు, సాయంత్రం, రాత్రి కలిపిన సగటులో 53 డెసిబెళ్లకు, రాత్రి పూట 45 డెసిబెళ్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సిఫారసు చేసింది. ఎడతెగని వాహనాలున్న రోడ్డు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 3 డెసిబెళ్లు తగ్గుతుంది. రోడ్డుకు 10 మీటర్లలో ఉన్న ఇంటికీ 80 మీటర్ల లోపలికి ఉన్న ఇంటికీ తొమ్మిది డెసిబెళ్ల తేడా అన్నమాట, మధ్యలో భవనాలు అడ్డముంటే ఇంకా ఎక్కువ. చెవికి అది దాదాపు సగానికి సగం తగ్గినట్టుంటుంది. 80 మీటర్లంటే నిమిషం నడక. పెద్ద రోడ్డు మీది ఇంటిని వదిలి దాని వెనక రెండో వీధిలో ఇల్లు తీసుకుంటే, ఆ నిమిషం నడకకు బదులుగా రాత్రంతా నిద్ర దక్కుతుంది. ఇంత చౌక బేరం ఇళ్ల వ్యవహారంలో మరొకటి లేదు.

కొత్త ఊళ్లో ఎవరూ తెలియని కుటుంబానికి ఇరుగుపొరుగు ఎలా ఏర్పడతారన్నది కూడా దూరాలతో ముడిపడిన సంగతే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థుల కుటుంబాలు ఉండే ఇళ్లలో లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ జరిపి 1950లో ప్రచురించిన పరిశోధనలో, పక్క తలుపు వాళ్లతో సన్నిహితంగా ఉన్నామన్నవాళ్లు 41 శాతం, రెండు తలుపుల అవతలి వాళ్లతో 22 శాతం, అదే అంతస్తులో ఆ చివర ఉన్నవాళ్లతో 10 శాతం. మెట్ల మొదట్లో ఉన్న ఇళ్లవాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ. అభిరుచులు కలవడం కన్నా ముందు దారులు కలవాలి. పరిచయస్థుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశాడు. అన్ని గంటలు పని కల్పించుకొని కలవడం ఎవరి వల్లా కాదు. బడి గేటు దగ్గర, కూరల బండి దగ్గర, సాయంత్రం మైదానం అంచున నిలబడ్డప్పుడు అవి వాటంతట అవే పోగవుతాయి. గేటు నుంచి నేరుగా కారెక్కి, కారు దిగి నేరుగా గేటులోకి పోయే వీధిలో అవి పోగయ్యే చోటు లేదు. చిన్న ఊళ్లో మనుషులు కలుపుగోలుగా ఉంటారని విని వచ్చి, ఏడాదైనా ఎవరూ పరిచయం కాలేదని బాధపడే కుటుంబాల విషయంలో తప్పు ఊరిది కాకపోవచ్చు, వీధిది కావచ్చు.

ఇదంతా కాలక్షేపానికి సంబంధించిన విషయంగా తోచవచ్చు, కాని ఇది ప్రాణాలకూ సంబంధించినదే. 1995 జూలైలో షికాగోను వడగాలులు కమ్మినప్పుడు 700 మందికి పైగా మరణించారు. ఆ మరణాలను పేటల వారీగా పరిశీలించిన సమాజ శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బెర్గ్, పక్కపక్కనే ఉన్న నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అనే రెండు పేటల మధ్య మరణాల రేటులో దాదాపు పది రెట్ల తేడా ఉందని చూపించాడు. రెండూ పేదవే, రెండింట్లోనూ ఒంటరి వృద్ధులున్నారు, ఎండ ఒక్కటే. మరణాలు ఎక్కువగా ఉన్న నార్త్ లాన్‌డేల్‌లో దుకాణాలు మూతపడి, ఖాళీ స్థలాలు మిగిలి, జనం బయటికి రావడానికి జంకేవాళ్లు. రెండోదాని వీధులు దుకాణాలతో, జనంతో నిండి ఉండేవి. అక్కడి వృద్ధులు నడిచి వెళ్లి చల్లటి దుకాణంలో కూర్చోగలిగారు, రెండు రోజులు కనిపించకపోతే అడిగే మనుషులున్నారు. నడవదగిన వీధి అనే మాటలోని అసలు బరువు ఇది.

ఊళ్లో లేనివి, ఊరి అవతల ఉన్నవి

చిన్న నగరంలో కొన్ని దొరకవు. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఏ సేవకైనా అది నిలబడటానికి కావలసినంత జనం చుట్టూ ఉండాలని, అరుదుగా అవసరమయ్యే సేవలు అందువల్లే పెద్ద ఊళ్లలో మాత్రమే ఉంటాయని జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో సిద్ధాంతీకరించాడు. మందుల దుకాణం ప్రతి పేటలో ఉంటుంది, మెదడు శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి ఉండదు. జీతాలదీ ఇదే దారి. నగర జనాభా రెట్టింపైతే తలసరి ఆదాయం వంటివి కూడా పెరుగుతాయని, రోడ్లు, తీగలు, గొట్టాలు మాత్రం రెట్టింపు కన్నా తక్కువే అవసరమవుతాయని లూయీస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ బృందం 2007లో లెక్కగట్టింది. దీన్ని తిరగేసి చూస్తే చిన్న నగరం తలకు ఎక్కువ గొట్టం వేయాలి, తలకు తక్కువ రాబడి నుంచి వేయాలి. శివారు కాలనీకి నీళ్ల లైను, మురుగు లైను వచ్చే ఏడాది వస్తాయన్న మాట ఏళ్ల తరబడి వచ్చే ఏడాదిగానే ఎందుకు ఉండిపోతుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. అందువల్ల రాబోయే వసతి చూసి ఇల్లు తీసుకోకూడదు. గొట్టం కంటికి కనిపించి, కుళాయిలో నీళ్లు వస్తుంటేనే ఆ వసతి ఉన్నట్టు.

ఆసుపత్రి సంగతి మరికొంత లోతుగా ఆలోచించాలి. రక్తం గడ్డకట్టడం వల్ల పక్షవాతం వచ్చినప్పుడు ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి, అదీ మెదడు స్కానింగ్ తీసి రక్తస్రావం కాదని నిర్ధారించుకున్నాకే. అందుకని ఆసుపత్రి ఎంత దూరమన్నది సరిపోయే ప్రశ్న కాదు. రాత్రి రెండు గంటలకు అక్కడ స్కానింగ్ తీసేవాళ్లుంటారా, లేకపోతే ఏ ఊరికి పంపుతారు, ఆ రోడ్డు ఊరికి ఏ వైపున ఉంది అన్నవి అడగాలి. చాలా ఊళ్లను రైలు పట్టాలో నదో రెండుగా కోస్తాయి. పెద్ద నగరానికి వెళ్లే రోడ్డు, ఆసుపత్రి, బడి ఒక పక్కన ఉండి ఇల్లు మరో పక్కన ఉంటే, ఆ కుటుంబ జీవితం ఒక రైల్వే గేటు తెరుచుకోవడం మీద ఆధారపడుతుంది. మ్యాపు ఆ దూరాన్ని రెండు కిలోమీటర్లంటుంది. గేటు పడ్డాక ఒక గూడ్సు బండి నిదానంగా వెళ్లి, ఎదురు పట్టా మీద మరొక రైలు వచ్చేదాకా నిలబడినవాళ్లకు ఆ రెండు కిలోమీటర్ల అసలు పొడవు తెలుసు. వంతెన ఉంటే ఈ మాటలన్నీ అనవసరం.

నీటి విషయంలో అడగవలసినది రెండు వైపులా ఉంటుంది, కరువులో వస్తుందా, వానల్లో చేరుతుందా అని. వందేళ్ల వరద అనే మాటను చాలామంది వందేళ్లకోసారి వచ్చేదిగా అర్థం చేసుకుంటారు. ఏ ఏడాదిలోనైనా వందింట ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. ఇంటి అప్పు తీరే 30 ఏళ్ల కాలానికి లెక్కవేస్తే కనీసం ఒక్కసారైనా ఆ వరద వచ్చే అవకాశం 26 శాతం, నాలుగో వంతుకు పైమాటే. ప్రభుత్వ మ్యాపులు దొరికితే చూడాలి. దొరకకపోతే గోడలు చూడాలి. ప్రహరీ మీద మోకాలి ఎత్తున అడ్డంగా సాగిన మట్టి చార, ఒక వీధిలో ఇళ్లన్నీ అరుగులు పెంచి కట్టుకోవడం, మోటారు, మీటరు నేలకు నాలుగడుగుల పైన బిగించి ఉండటం, కొత్తగా సున్నం వేసినా అడుగుభాగాన మళ్లీ పొటమరించే తడి, ఇవన్నీ అక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెప్పే గుర్తులు. ఇంటి యజమాని దాచినా ఆ వీధి దాచలేదు.

గాలి దిశ గురించి ఇళ్లు చూసేవాళ్లు అడగనే అడగరు. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దపు పారిశ్రామిక నగరాలు సుమారు 70 తీసుకొని చేసిన ఒక పరిశోధనలో, పడమటి గాలి పొగను తూర్పుకు తోసినందువల్ల తూర్పు పేటలు పేదవైపోయాయని, పొగ గొట్టాలు పోయాక కూడా ఆ తేడా చాలాచోట్ల చెరిగిపోలేదని తేలింది. ఊళ్లో ఒకే ఒక్క ఫ్యాక్టరీయో చెత్త దిబ్బో ఉన్నప్పుడు, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి ఎటు వీస్తుందో తెలుసుకొని దానికి ఎదురు దిక్కున ఇల్లు చూసుకోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

ఇల్లు దొరికే తీరు

పెద్ద నగరంలో ఇళ్ల సమాచారం ఫోనులో దొరుకుతుంది. చిన్న నగరంలో మంచి ఇళ్లు ప్రకటనల దాకా రావు. ఖాళీ అవుతోందని పక్కింటివాళ్లకు తెలుస్తుంది, వాళ్ల ద్వారా బంధువులకో తోటి ఉద్యోగికో వెళ్లిపోతుంది. ఉద్యోగాల సమాచారం ఆప్తుల కన్నా ముఖపరిచయస్థుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో చెప్పిన మాట ఇక్కడ ఇళ్లకూ అంతే చక్కగా వర్తిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పరిచయాలు ఉండవు కాబట్టి వాళ్ల ముందుకు వచ్చేవి ఎవరూ తీసుకోకుండా మిగిలినవి. బ్రోకరు చూపించిన అయిదిళ్లూ ఊరి మొత్తానికి నమూనా అనుకోవడం అందుకే పొరపాటు. బ్రోకరు చెడ్డవాడు కానక్కర్లేదు, అతని చేతిలో ఉన్నవి అవే.

ఈ కారణంగా మొదటి ఏడాది అద్దెకే ఉండటం మేలన్నది మామూలు జాగ్రత్త కన్నా పెద్ద విషయం. పెద్ద నగరంలో అమ్ముకోవడం సులువు, కొనుగోలుదారులు వందల్లో ఉంటారు. చిన్న నగరంలో ఒక ఇంటికి కొనేవాడు రావడానికి నెలలు పట్టవచ్చు, ఏళ్లూ పట్టవచ్చు. ఊరు ఒకే పెద్ద సంస్థ మీద బతుకుతున్నప్పుడు ఇది మరింత ప్రమాదం. ఆ సంస్థ మూతపడిన రోజున ఉద్యోగమూ ఇంటి విలువా ఒకేసారి పోతాయి, ఎందుకంటే అమ్మేవాళ్లంతా అదే వారంలో అమ్మకానికి పెడతారు. ఉద్యోగం అక్కడే, పొదుపంతా ఇంటి రూపంలోనూ అక్కడే పెట్టే ముందు కనీసం అన్ని కాలాలూ ఒక చుట్టు తిరగడం చూడాలి. ఎండాకాలంలో నీళ్లు, వానాకాలంలో దారి, చలికాలంలో పొగ, సెలవుల్లో వీధి.

ఆ ఏడాదికి తీసుకునే అద్దె ఇల్లు ఊరి నడుమ, చిన్నదైనా సరే, నడవగలిగే చోట ఉంటే మంచిది. పరిచయాలు పెరిగేదీ, ఖాళీ అవబోతున్న ఇళ్ల కబురు చెవిన పడేదీ అక్కడే. అడగవలసిన మనుషులు కూడా ఆ వీధుల్లోనే ఉంటారు. ఉత్తరాలూ పార్శిళ్లూ పంచేవాళ్లకు ఏ వీధిలో కుక్కలున్నాయో, ఏ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఏడాదికోసారి మారిపోతున్నారో తెలుసు. మందుల దుకాణం నడిపేవాళ్లకు ఏ పేట నుంచి జ్వరాల మందుల కోసం వానల్లో ఎక్కువగా వస్తారో తెలుసు. ఈ పేట ఎలా ఉంటుందని అడిగితే వాళ్లు కూడా బాగుంటుందనే అంటారు. మీ అమ్మాయి ఇదే ఊళ్లో కాపురం పెడితే ఏ వీధిలో పెట్టమంటారని అడిగినప్పుడు కాసేపు ఆగి, ఆలోచించి చెబుతారు.

శివారును పూర్తిగా కాదనడానికి లేదు. తోట పెంచుకోవాలనుకునేవాళ్లకు, పనికి సామగ్రి దింపుకొనే జాగా కావలసినవాళ్లకు, ఇంట్లో అందరూ బండి నడపగలిగిన వయసులో ఉన్నవాళ్లకు అది సరైన చోటే కావచ్చు. అక్కడికి వెళ్లేవాళ్లు రోజూ పడే ప్రయాణాలను ముందే కాగితం మీద రాసుకొని, ఎవరెవరు ఎన్నిసార్లు బండి తీయాలో లెక్క చూసుకుంటే తరువాత ఇంట్లో తగువు ఉండదు. ఆ లెక్కను పదేళ్ల తర్వాతి వయసులతో ఇంకోసారి వేసి చూడాలి. ఇప్పుడు నలభై ఆరేళ్ల మనిషికి అప్పుడు యాభై ఆరు, ఇంట్లో ఉన్న అరవై ఎనిమిదేళ్ల తల్లికి డెబ్బై ఎనిమిది.

ఖరారు చేసే ముందు ఇల్లు చూడటానికి ఆ తల్లిని తీసుకెళ్లాలి, పిల్లలనూ తీసుకెళ్లాలి. వారం మధ్యలో ఒక ఉదయం, బడి వేళకు, కారును వీధి చివరే ఆపి, మందుల దుకాణం దాకా ఆమెను ముందు నడవనిచ్చి వెనక నడవాలి. ఆమె ఎక్కడ ఆగిందో, ఎక్కడ చేయి కోసం చూసిందో, పెద్ద రోడ్డు దగ్గర ఎంతసేపు నిలబడిందో గమనించాలి.